వేసవి చివరి ఆకాశం - మన పెద్దల చుక్కల లెక్క

మన నెల్లూరు సీమలో రోహిణి కార్తె అంటే తెలియని వారుండరు. మే నెల 25వ తేదీ ప్రాంతంలో ప్రవేశించి, జూన్ 8 దాకా ఉండి, మృగశిరకు చోటిచ్చి పోతుంది. రోళ్ళు పగిలే ఎండలని పేరు. ఆ పదునాలుగు రోజులు పగలంతా తలుపులు మూసుకొని కూర్చున్నా, రాత్రి అయ్యేసరికి మైపాడులో గాని, కోట, వాకాడు వైపు గాని, కృష్ణపట్నంలో గాని మంచాలు బయటికి వస్తాయి. సముద్రం మీది గాలి తగులుతుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం గనుక బోట్లు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునేవారు, ఇషా నమాజు చేసి వచ్చినవారు, నిద్రపట్టని పిల్లలు, అందరికీ నెత్తిమీద కనిపించేది ఒక్కటే: ఆకాశం.

ఆ ఆకాశాన్ని గురించి నాలుగు మాటలు ఈ సంచికలో వ్రాయదలచినాము. దీనికి కారణం ఉన్నది. చుక్కల శాస్త్రంలో ముస్లిములు ప్రపంచానికి ఎంత ఇచ్చారో చెప్పే ఉపన్యాసాలు మనం చాలా విన్నాము. కాని ఆ ఇచ్చినదేమిటో మన ఊరి మంచం మీద పడుకొని వేలుతో చూపగలవారు తగ్గిపోతున్నారు. ఏడాదికి రెండుసార్లు నెలవంక కోసం తగాదా పడటం తప్ప, మిగిలిన మూడువందల యాభై రాత్రులు మనం తల ఎత్తి చూడటం మానేశాము. ఇది మంచిది కాదని మా అభిప్రాయం.

రెండు పేర్లు, ఒకటే చుక్క

జూన్ మొదటి వారంలో రాత్రి 9 గంటలకు చూడండి. ఉత్తరాన సప్తర్షి మండలం కనిపిస్తుంది. అరబ్బులు దీనిని బనాతున్ నాష్ అన్నారు. పాడెను మోస్తున్నట్లు నాలుగు చుక్కలు, వెనుక ఏడుస్తూ నడిచే ముగ్గురు కూతుళ్ళు అని వారి ఊహ. తోకలో నడిమి చుక్కను బాగా చూస్తే దాని పక్కన మరొక సన్నని చుక్క కనిపిస్తుంది. మన ఇరుగు పొరుగు హిందువుల పెళ్ళిళ్ళలో వధువుకు చూపే అరుంధతి అదే. అరబ్బులు దాన్ని సుహా అన్నారు. అది కనబడితే చూపు బాగున్నట్లు లెక్క. ఒకరికి పాతివ్రత్యం, ఇంకొకరికి కంటి పరీక్ష. చుక్క మాత్రం ఒకటే!

ఆ తోక వంపును అలాగే కొనసాగించుకుంటూ పోతే దాదాపు నడినెత్తిన కాస్త పసుపు, నారింజ కలిసిన రంగులో ఒక పెద్ద చుక్క తగులుతుంది. అది స్వాతి. అరబ్బులకు సిమాక్ రామిహ్, అంటే బల్లెం పట్టిన సిమాక్. మన నెల్లూరు రమారమి 14న్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది గనుక స్వాతి నడినెత్తికి అయిదు డిగ్రీల లోపుగానే దాటిపోతుంది. అక్కడి నుండి ఇంకా దక్షిణానికి వస్తే తెల్లగా మెరిసే చిత్త. ఇది సిమాక్ ఆజల్, ఆయుధం లేని సిమాక్. స్వాతి వెలుగు మనకు చేరటానికి 37 ఏళ్ళు పడితే, చిత్త వెలుగుకు సుమారు 250 ఏళ్ళు పడుతుంది. అంటే ఈ వేసవిలో మనం చూసే చిత్త వెలుగు ఆర్కాటు నవాబుల కాలంలో బయలుదేరినదన్నమాట.

ఇక సముద్రం వైపు తిరగండి. ఆగ్నేయ మూలన అప్పటికే పైకి వచ్చి ఎర్రగా కనిపించేది జ్యేష్ఠ. వృశ్చికపు గుండెకాయ. అరబ్బులు పెట్టిన పేరు కూడా అదే: ఖల్బుల్ అఖ్రబ్, తేలు గుండె. రాత్రి ముదిరే కొద్దీ తేలు తోక కూడా నీళ్ళ మీదుగా పైకి లేస్తుంది. తోక చివరి చుక్కను మనవాళ్ళు మూల నక్షత్రంలో చేర్చారు. అరబ్బులు షౌలా అన్నారు, ఎత్తిన తోక అని. నేటికీ ఐరోపా, అమెరికా వారి నక్షత్ర పటాలలో ఆ చుక్క పేరు షౌలాయే.

ఈ పేర్లు ఒకటీ అరా కావు. ఈశాన్యంలో రాత్రి 9 గంటలకు తెల్లగా పైకి వచ్చే వేగా అరబ్బీ వాఖె అనే మాట నుండి పుట్టినది, వాలుతున్న గద్ద అని అర్థం. మన అభిజిత్తు అదే. 10 గంటలు దాటిన తర్వాత తూర్పున కనిపించే ఆల్టేర్ అరబ్బీ తాయిర్, ఎగిరే గద్ద. మనకు శ్రవణం. పడమట సింహరాశి తోక చుక్క డెనెబోలా అంటే జనబుల్ అసద్, సింహపు తోక. తెల్లవారి శాస్త్రజ్ఞులు కొత్త దుర్భిణిలతో ఎన్నో కనిపెట్టారు గాని, పాత చుక్కలను మాత్రం నేటికీ అరబ్బీలోనే పిలుస్తున్నారు.

పదునాలుగవది పదునాలుగవదే

అరబ్బులు చంద్రుడు తిరిగే దారిని 28 మజిలీలుగా విభజించారు. వాటికి మనాజిలుల్ ఖమర్ అని పేరు. మనదేశంలో 27 నక్షత్రాలు, అభిజిత్తును కలిపితే 28. ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. అశ్విని మొదటిది, షరతాన్ మొదటిది. రెండూ మేషరాశిలోని అవే చుక్కలు. కృత్తిక మూడవది, సురయ్యా మూడవది. మన పల్లెల్లో పిల్లలకోడి అనేది దీనినే. రోహిణి నాల్గవది, దబరాన్ నాల్గవది. మఖ పదవది, జబ్‌హా పదవది. చిత్త పదునాలుగవది, సిమాక్ పదునాలుగవది. అనూరాధ 17, ఇక్లీల్ 17. జ్యేష్ఠ 18, ఖల్బ్ 18. మూల 19, షౌలా 19.

కొన్నిచోట్ల తేడాలు లేకపోలేదు. పదిహేనవదిగా మనవారు నడినెత్తిన ఉన్న స్వాతిని తీసుకుంటే, అరబ్బులు చంద్రుని దారికి దగ్గరగా ఉన్న గఫ్ర్ అనే సన్న చుక్కలను తీసుకున్నారు. ఎవరి నుండి ఎవరు నేర్చుకున్నారన్న వాదన జోలికి మేము పోము. ఒకే ఆకాశాన్ని చూసినవారికి ఒకే లెక్క తేలటం, చూసినవారు ఒకరి లెక్క ఒకరు అడిగి తెలుసుకోవటం, రెండూ జరిగినవని మాత్రం చరిత్ర చెబుతున్నది. 628లో బ్రహ్మగుప్తుడు వ్రాసిన సిద్ధాంత గ్రంథం ఎనిమిదవ శతాబ్దంలో ఖలీఫా మన్సూరు కాలపు బాగ్దాదుకు చేరి, సింద్‌హింద్ అన్న పేరుతో అరబ్బీలో వెలసింది. 1030 ప్రాంతంలో అల్ బిరూనీ హిందూదేశాన్ని గురించి వ్రాసిన గొప్ప గ్రంథంలో సంస్కృత పండితుల నక్షత్రాలను ఒక్కొక్కటిగా వివరించినాడు. ఆయన కొన్నిచోట్ల విమర్శించాడు, కొన్నిచోట్ల మెచ్చుకున్నాడు. కాని అడిగి, నేర్చుకొని, ఆ తర్వాతనే మాట్లాడినాడు. ఆ మర్యాద మనం గుర్తుంచుకోదగినది.

నేటికీ మన జిల్లాలో ముస్లిం రైతు అయినా, హిందూ రైతు అయినా నారు పోసేది కార్తె చూసే. అలాగే స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరిగేది మొహర్రం చంద్రుణ్ణి బట్టి. కోర్కెల రొట్టె పట్టుకొని నీళ్ళలో నిలబడేవారిలో హిందువులు ఎంతమందో మనకు తెలుసు. సూర్యుని లెక్క, చంద్రుని లెక్క రెండూ ఈ నెల్లూరులో కలిసే నడుస్తున్నవి.

ఓడలు, చుక్కలు

కోరమాండల్ తీరాన్ని అరబ్బు వర్తకులు మఆబర్ అని పిలిచేవారు. మనకు ఉత్తరాన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం, దూరదేశాల నుండి వచ్చే ఓడవర్తకులకు ధైర్యం చెప్పిన శాసనం. తర్వాత గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుండి పర్షియాకు, ఎర్రసముద్రానికి ఓడలు నడిచినవి. ఆ ఓడల నాఖుదాలకు, మాలిములకు రాత్రిపూట దారి చూపినవి ఈ చుక్కలే. నేల మీదా నీళ్ళ మీదా చీకట్లలో దారి తెలుసుకునేందుకు నక్షత్రాలు ఏర్పాటైనవన్న భావం పవిత్ర ఖురాన్ అన్ ఆమ్ సూరాలో ఉన్నది. మాలిములు దానిని అక్షరాలా ఆచరించి చూపించారు.

వారి పనిముట్టు చాలా చిన్నది. పేరు కమాల్. ఒక చిన్న చెక్క పలక, దాని మధ్య నుండి ముడులు వేసిన దారం. దారాన్ని పళ్ళతో పట్టుకొని, పలక కింది అంచు సముద్రపు గీతకు, పై అంచు ధ్రువనక్షత్రానికి ఆనేటట్లు చూసేవారు. ఏ ముడి దగ్గర కుదిరిందో దానిని బట్టి ఏ రేవుకు ఎదురుగా ఉన్నారో చెప్పేవారు. కొలత పేరు ఇస్బా, అంటే వేలు. ఒక్కొక్క ఇస్బా సుమారు ఒకటిన్నర డిగ్రీకి కాస్త ఎక్కువ. పదిహేనవ శతాబ్దపు మాలిము అహ్మద్ ఇబ్న్ మాజిద్ ఈ విద్యనంతా 1490 ప్రాంతంలో గ్రంథస్థం చేసినాడు. వాస్కోడగామాకు దారి చూపినవాడు ఆయనేనన్న కథ ఒకటి ప్రచారంలో ఉన్నది గాని, చరిత్రకారులు దానిని ఒప్పుకోవటం లేదు. ఆయన గొప్పతనానికి ఆ కథతో పని కూడా లేదు.

దిక్కులకు సయితం వారు చుక్కల పేర్లే పెట్టుకున్నారు. చక్రాన్ని 32 భాగాలు చేసి, సిమాక్ ఉదయించే దిక్కు, సురయ్యా ఉదయించే దిక్కు, తాయిర్ ఉదయించే దిక్కు అని చెప్పుకునేవారు. మన తీరంలో నిలబడితే ఈ పద్ధతి ఎంత సులువో తెలుస్తుంది. తూర్పున అడ్డేమీ లేదు. ఏ చుక్క అయినా నీళ్ళలో నుండి లేచినట్లే లేస్తుంది.

మన అక్షాంశానికి మరొక అదృష్టం ఉన్నది. ధ్రువనక్షత్రం ఉత్తరాన 14 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అదే జూన్ మొదట్లో రాత్రి 8 గంటల వేళ, దక్షిణాన త్రిశంకు అని పిలిచే నాలుగు చుక్కల శిలువ కూడా ఇంచుమించు అంతే ఎత్తులో నిలబడి ఉంటుంది. పది గంటలకు దాని పక్కన మనకు అతి దగ్గరి నక్షత్రాలలో ఒకటైన మిత్ర, నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలోనిది, దక్షిణపు నడిమికి వస్తుంది. లండనులో ఉన్నవారికి త్రిశంకు ఎన్నడూ కనిపించదు. సిడ్నీలో ఉన్నవారికి ధ్రువనక్షత్రం ఎన్నడూ కనిపించదు. మనకు ఒకే రాత్రి, మెడ అటూ ఇటూ తిప్పితే రెండూ!

నిజామియా సంగతి

ఈ విద్య పాతకాలంతోనే ఆగిపోయిందని అనుకోరాదు. మన తెలుగు గడ్డ మీదనే దానికి ఒక గొప్ప అధ్యాయం కలదు. హైదరాబాదు ప్రభువంశీకుడు నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దుర్భిణి తెప్పించి, 1901లో వేధశాలకు పునాది వేసినాడు. అది తన పేరు మీద కాక నిజాం పేరు మీద ఉండాలని కోరుకున్నాడు. ఆయన 1907లో కన్నుమూయగా, 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను స్వీకరించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది.

ఆ కాలంలో ప్రపంచంలోని పెద్ద వేధశాలలన్నీ కలిసి ఆకాశమంతటినీ ఫోటోలు తీసి, చుక్కల పట్టిక తయారు చేసే పని పెట్టుకున్నవి. ఆకాశాన్ని పట్టీలుగా కోసి పంచుకున్నారు. హైదరాబాదు వంతుకు దక్షిణపు 17 నుండి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల పట్టీ కూడా అప్పగించారు. 8 అంగుళాల కుక్ దుర్భిణితో రాత్రుల తరబడి ఫోటోలు తీసి, ఒక్కొక్క చుక్కనూ కొలిచి, ఏడు లక్షల అరవై వేలకు పైగా చుక్కల స్థానాలను పన్నెండు సంపుటాలుగా ప్రచురించారు. కంప్యూటర్లు లేని రోజులవి. చాట్‌వుడ్, పోకాక్ అనే ఆంగ్లేయుల తర్వాత 1918 నుండి 1944 దాకా టి. పి. భాస్కరన్ గారు, ఆ పిమ్మట అక్బర్ అలీ గారు ఆ సంస్థను నడిపారు. 48 అంగుళాల పెద్ద దుర్భిణి కావాలని తలపెట్టినది అక్బర్ అలీ గారే. అది 1968లో జపాల్ రంగాపూర్ వేధశాలలో నెలకొన్నది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ శాస్త్రజ్ఞులు పరిశీలించారు.

బేగంపేటలోని ఆ పాత ప్రాంగణంలో తర్వాత ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం వెలసింది. దాని చిరునామాలో నిజామియా వేధశాల అన్న మాట మిగిలి ఉన్నది. ఆ కేంద్రం చేసే పని మంచిదే. కాని ఆ మాట చిరునామాలో తప్ప మన పిల్లల నోట మిగలకపోవటమే విచారం.

ఒక్క సంగతి గమనించండి. హైదరాబాదు వారు కొలిచిన దక్షిణపు పట్టీలోనే అనూరాధ చుక్కల్లో పై రెండూ ఉన్నవి. అంటే జూన్ రాత్రి మైపాడు ఇసుకలో పడుకొని ఆగ్నేయాన తేలు తల చూసేవాడు, ఆ నవాబు తెప్పించిన దుర్భిణుల కింద అంగుళం అంగుళం లెక్కపెట్టబడిన ఆకాశాన్నే చూస్తున్నాడు.

ఇక మన తీరపు చివరనే శ్రీహరికోట. అప్పటి నెల్లూరు జిల్లాలోది, 2022 నుండి తిరుపతి జిల్లాలోది. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి ఎగిరిన మొదటి రాకెట్టు పేరు రోహిణి. 1980 జులై 18న మనదేశపు సొంత వాహనం మీద కక్ష్యకు చేరిన ఉపగ్రహం పేరు కూడా రోహిణియే. ఆ ప్రయోగానికి డైరెక్టరు రామేశ్వరంలో పడవ నడిపినవారి బిడ్డ, అబ్దుల్ కలాం గారు. అంతకు ముందటేడు 1979 ఆగస్టు 10న అదే వాహనం సముద్రంలో పడిపోయిన తర్వాత పదకొండు నెలల్లో సాధించిన విజయమది. 2015 సెప్టెంబరు 28న నక్షత్రాలను పరిశీలించే ఆస్ట్రోశాట్ కూడా ఇక్కడి నుండే వెళ్ళింది.

శాస్త్రము వేరు, జోస్యము వేరు

చుక్కలు చూడటం అంటే జాతకాలు చెప్పటమని కొందరు పెద్దలు శంకిస్తారు. ఈ శంక కొత్తది కాదు. మన ఉలమాలు మొదటి నుండీ రెండింటినీ వేరుచేసినారు. గ్రహగతుల లెక్క, నమాజు వేళల లెక్క, ఖిబ్లా లెక్క ఒకవైపు. చుక్కలను బట్టి అదృష్టం చెప్పటం ఇంకొకవైపు. పెద్ద మసీదులలో వేళలు లెక్కకట్టటానికి మువక్కిత్ అనే ఉద్యోగి ఉండేవాడు. దమస్కసు ఉమయ్యద్ మసీదు మువక్కిత్ ఇబ్నుష్షాతిర్ 1375లో మరణించినాడు. చంద్రగతికి ఆయన కట్టిన లెక్కే దాదాపు అలాగే రెండువందల ఏళ్ళలోపు కోపర్నికస్ గ్రంథంలో కనిపిస్తుంది. మసీదు ఉద్యోగి చేసిన పని అది.

ఇప్పుడు నెలవంక మాట. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు గనుక ఏడాదికి పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్ళకు రంజాన్ మళ్ళీ అదే ఋతువుకు వస్తుంది. 2017లో మన ఉపవాసాలు సరిగ్గా రోహిణి కార్తెలో మొదలైనవి. అటువంటి వేసవి నెలలో చంద్రుని కోసం చూసేవారు తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. మన తీరంలో సముద్రం తూర్పున ఉన్నది. కాబట్టి నెలవంక కోసం సముద్రానికి వీపు పెట్టి నేల వైపు చూడాలి. అదీ సూటిగా పడమరకు కాదు. జూన్‌లో సూర్యుడు పడమర నుండి దాదాపు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. సన్నని వంక ఆ దరిదాపుల్లోనే, మగ్రిబ్ తర్వాత కొద్దిసేపే ఉంటుంది. సూటిగా పడమరనే చూసి లేదని వచ్చేవారు, అసలు ఉండటానికే వీలులేని రోజున చూశామని చెప్పేవారు, ఇద్దరి వల్లా తగాదా పెరుగుతుంది. సూర్యునికి చంద్రుడు సుమారు 7 డిగ్రీల కన్నా దగ్గరగా ఉంటే వంక కంటికి ఏర్పడదని శాస్త్రం. తీర్పు చెప్పే బాధ్యత ఉలమాలదే. కాని ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో తెలిసిన పదిమంది సాక్షులను తయారు చేయటం మన బాధ్యత. ఒకే ఊరిలో, ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు రోజులు ఈద్ చేసుకోవలసి వచ్చినప్పుడు ఈ చిన్న తెలివి విలువ తెలుస్తుంది.

ఖిబ్లాకు కూడా వేసవి చివరే మంచి అదను. ఏటా మే 27, 28 తేదీలలో మక్కాలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. మన గడియారంలో అప్పుడు 2 గంటల 48 నిమిషాలు. ఆ క్షణాన నెల్లూరులో ఎండ బాగానే ఉంటుంది. ఒక కర్రను నిటారుగా పాతి చూడండి. సూర్యుడున్న వైపే ఖిబ్లా. కర్ర నీడ దానికి సరిగ్గా ఎదురు దిక్కున పడుతుంది. జులై 15, 16 తేదీలలో 2 గంటల 57 నిమిషాలకు మళ్ళీ ఇదే అవకాశం. లెక్క ప్రకారం మనకు ఖిబ్లా పడమర నుండి సుమారు 16 డిగ్రీలు ఉత్తరానికి ఉన్నది. ఖర్చు లేదు, యంత్రం లేదు. ఒక కర్ర, ఒక గడియారం చాలు.

చేయవలసినది

గ్రహాలను గురించి ఒక్క మాట. జుహ్రా అంటే శుక్రుడు, వేగుచుక్కగా గాని సాయంత్రపు చుక్కగా గాని కనిపించేది, ముష్తరీ గురుడు, మిర్రీఖ్ కుజుడు, జుహల్ శని. ఇవి ఏడాదికొక చోట ఉంటాయి. గురుడు రాశికి ఇంచుమించు ఒక ఏడాది, శని రెండున్నర ఏళ్ళు ఉంటారు. మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలిగేది గ్రహమని పిల్లలకు మొదట నేర్పాలి. చిన్న దుర్భిణి ఉంటే గురుని నాలుగు చంద్రులు కూడా కనిపిస్తారు.

నేడు కృష్ణపట్నం రేవు దీపాలు, ముత్తుకూరు దగ్గరి థర్మల్ కేంద్రాల దీపాలు, రొయ్యల గుంటల దీపాలు ఆకాశాన్ని తెల్లబరుస్తున్నవి. ఆ దీపాల వల్ల ఎందరికో కూడు దొరుకుతున్నది, కాదనము. కాని ఇంకా చీకటి మిగిలిన ఇసుక ఉన్నది. ఈ వేసవి సెలవుల్లో మన సంఘం ఒక్క రాత్రి, అమావాస్యకు దగ్గరగా, మదర్సా పిల్లలను, బడిపిల్లలను, ఆడపిల్లలతో సహా అక్కడికి తీసుకుపోవాలని మనవి. పొరుగువారి పిల్లలను కూడా పిలవాలి. వారు అరుంధతిని చూపితే మనం సుహాను చూపుదాము. తీరంలో పెద్దవయసు జాలర్లు ఉన్నారు, వారికి తెలిసిన చుక్కలు పుస్తకాల్లో లేవు. వారిని కూర్చోబెట్టి చెప్పించుకోవాలి, వ్రాసిపెట్టుకోవాలి.

దుర్భిణి కొనటానికి డబ్బు కావాలి. తల ఎత్తటానికి అక్కరలేదు. అక్కడి నుండి మొదలుపెడదాము.